‘సారీ’ అన్నాను, అయినా అప్ప మాట్లాడటం లేదు

విశాఖపట్నం ఎంవీపీ కాలనీ నుంచి ఒక పాఠకురాలు ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరు వద్దన్నారు కనుక గుర్తుపట్టే వివరాలు తీసేసి, విషయం మాత్రం క్లుప్తంగా చెబుతున్నాను. ఆమెకు నలభై నాలుగేళ్లు. చిన్నతనంలోనే తండ్రి పోతే, తల్లి కంచరపాలెంలో ఒక అద్దె ఇంట్లో కాలితో తొక్కే కుట్టుమిషను మీద జాకెట్లు, లంగాలు కుట్టి ఇద్దరు ఆడపిల్లలను పెంచింది. తనకన్నా ఏడేళ్లు పెద్దదైన అక్కను ఆమె ‘అప్ప’ అని పిలుస్తారు. అప్ప పదో తరగతితో చదువు మానేసి, తల్లి పక్కన కూర్చొని హుక్కులు వేసి, కాజాలు కుట్టి, చీరలకు ఫాల్ వేసి, చెల్లెలిని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. దాకా చదివించింది. తల్లి చివరి మూడేళ్లూ చిన్న కూతురి దగ్గరే ఉన్నందువల్ల మిషను కూడా అక్కడికే చేరింది. తల్లి పోయిన రెండేళ్లకు, సొంత ఫ్లాటులోకి మారే హడావిడిలో, ఆమె ఆ మిషనును పాత ఇనుము కొనే బండికి ఆరు వందల రూపాయలకు ఇచ్చేశారు.

ఆ సంగతి అప్పకు తల్లి తద్దినం నాడు తెలిసింది. చెల్లెలు వంటింట్లో గారెలు వేస్తుండగా అప్ప గుమ్మంలో నిలబడి “అమ్మ మిషనేదే?” అని అడిగింది. “ఇచ్చేశానప్పా, సారీ, కొత్తింట్లో చోటు లేదు” అని, మూకుడు మీంచి చూపు తిప్పకుండానే ఆమె జవాబిచ్చారు. అప్ప మరో మాట అనలేదు. భోజనాలయ్యాక ఎవరికీ చెప్పకుండా వెళ్లిపోయింది. మూడు రోజులు ఫోను ఎత్తకపోయేసరికి, “నిన్ను బాధపెట్టి ఉంటే సారీ అక్కా” అని వాట్సాప్‌లో సందేశం పంపారు. అప్ప దాన్ని చదివినట్టు నీలం గీతలు పడ్డాయి, జవాబు మాత్రం రాలేదు. ఇప్పటికి ఏడు నెలలు. మధ్యలో ఆమె భర్త బావగారికి ఫోను చేసి “సారీ చెప్పింది కదండీ, ఇంకా దేనికి?” అని అడిగితే, వెనక నుంచి అప్ప గొంతు వినిపించిందట: “బస్సులో కాలు తొక్కినోలు చెప్తారు సారీ.”

ఇప్పుడు అప్ప కూతురి పెళ్లి కుదిరింది. శుభలేఖ బావగారు ఒక్కరే తెచ్చి ఇచ్చి వెళ్లారు. ఒకసారి చెప్పిన సారీని మళ్లీ వెళ్లి చెబితే జన్మంతా దోషిగా నిలబడాల్సి వస్తుందని భర్త అంటున్నారు. సారీ అంటే క్షమాపణేనని, కావాలంటే నిఘంటువు చూసుకోమని ఇంజినీరింగు చదువుతున్న కొడుకు అంటున్నాడు. “నేను అన్నది క్షమాపణ కాదా? కాకపోతే ఏ మాట అనాలి? ‘నన్ను క్షమించు’ అంటే మా ఇంట్లో సినిమా డైలాగులా ఉంటుంది” అని ఆమె ప్రశ్న. ఆరో పేజీ అడుగున, ఇరుకు చోటులో చిన్న అక్షరాలతో మరో సంగతి రాశారు. మిషను ఇచ్చేసిన వారానికి, ఒక ఆదివారం ఉదయం, ఇంట్లో కూరగాయలకని చెప్పి ఆటో ఎక్కి, పాత ఇనుము దుకాణాలు ఐదు తిరిగారు. ఒక చోట ఇనుప రాశిలో మిషను చక్రంలాంటిది కనబడితే దగ్గరికి వెళ్లి చేత్తో తుడిచి చూశారు. అది వేరే మిషనుది. ఈ మాట ఇప్పటివరకు ఎవరికీ చెప్పలేదట.

మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే విలువైనదిగా కనబడింది ఆ చివరి నాలుగు వరుసలే. ఎందుకో చెప్పాలంటే మీరు అడిగిన మాట దగ్గరే మొదలుపెట్టాలి. ముప్పై ఏళ్లు ఇంగ్లీషు పాఠం చెప్పినదాన్ని కాబట్టి ఆ మాట పుట్టుకను కొంచెం వివరంగానే చెబుతాను. దయచేసి ఓపిగ్గా చదవండి.

‘సారీ’ ఇంగ్లీషు పాతరూపంలో ‘సారిగ్’. అది ‘సార్’ అనే నామవాచకం నుంచి వచ్చింది. ‘సార్’ అంటే నొప్పి, గాయం, పుండు. గొంతు నొప్పిని డాక్టర్లు ‘సోర్ త్రోట్’ అంటారే, ఆ ‘సోర్’ దీనికి తోబుట్టువు. అంటే వెయ్యేళ్ల కిందట ఒక మనిషి తాను ‘సారిగ్’ అన్నాడంటే “నాకు నొప్పిగా ఉంది, నా లోపల పుండులా ఉంది” అని అర్థం. ఎదుటివాడి ప్రసక్తే అందులో లేదు. దుఃఖం అనే అర్థంలో వాడే ‘సారో’ దీనికి చుట్టమని చాలామంది అనుకుంటారు, నేను కూడా చదువుకునే రోజుల్లో అలాగే అనుకున్నాను. నిజానికి ఆ రెండింటి మూలాలు వేరు. ‘సారో’ పాతరూపం ‘సోర్గ్’, దాని అర్థం దిగులు, చింత. ధ్వనిలోనూ అర్థంలోనూ దగ్గరగా ఉండటంతో కాలక్రమేణా ఒకదాని నీడ ఒకదాని మీద పడి, ‘సారిగ్’లోని అచ్చు కూడా మారిపోయింది. జర్మన్ భాషలో ‘చాలా’ అనడానికి వాడే ‘జేర్’ అనే మాట కూడా ఈ నొప్పి కుటుంబానిదే. ‘నొప్పి పుట్టేంతగా’ అన్న అర్థం అరిగి అరిగి అక్కడ ‘చాలా’గా మిగిలింది.

ఇంగ్లీషులో కూడా ఆ అరుగుదల జరిగింది. మొదట నొప్పి, తర్వాత జరిగినదానికి విచారం, తర్వాత చేసినదానికి పశ్చాత్తాపం. 19వ శతాబ్దం నాటికి ముందున్న ‘నేను’ కూడా రాలిపోయి, ఒంటరిగా ‘సారీ’ అంటే చాలు అనే వాడుక వచ్చింది. ఇవాళ అదే మాటతో ఎదుటివాడు అన్నది వినబడలేదని చెబుతారు, అడిగింది కుదరదని చెబుతారు, చావు ఇంట్లో పరామర్శిస్తారు, తప్పుకు మన్నింపూ అడుగుతారు. ఇన్ని పనులు చేసే మాటకు ఏ పని చేస్తోందో చెప్పే తోక ఒకటి అవసరం. ఇంగ్లీషువాళ్లు ఆ తోకను చిన్న చిన్న మాటలతో తగిలిస్తారు: ఫలానాది చేసినందుకు, ఫలానాది జరిగిందని, ఒకవేళ ఫలానాది జరిగి ఉంటే. తోకను బట్టి అది క్షమాపణో, సానుభూతో, ఒట్టి మర్యాదో తేలుతుంది. మనం మాత్రం ఆ మాటను తోక లేకుండా తెచ్చుకున్నాం. బ్యాంకు కిటికీ దగ్గర “సారీ, సర్వర్ పనిచేయడం లేదు” అన్న మాట, మద్దిలపాలెం నుంచి గాజువాక వెళ్లే సిటీ బస్సులో కాలు తొక్కినవాళ్లు అన్న మాట, మీరు మూకుడు దగ్గర అన్న మాట వినడానికి ఒకేలా ఉంటాయి. మీ అప్ప నిఘంటువు చూడకుండానే ఆ సంగతి కనిపెట్టింది.

కాబట్టి మీ అబ్బాయి చెప్పిన అర్థం నిఘంటువులో ఉంది, మీ అప్ప చెప్పిన అర్థం వాడుకలో ఉంది. ఇద్దరిలో ఎవరినీ తప్పు పట్టలేం. ఇప్పుడు మీరు ఆ మాటకు తగిలించిన తోకలను చూద్దాం. మొదటిసారి “సారీ, కొత్తింట్లో చోటు లేదు” అన్నారు. ఇంగ్లీషులో ‘అపాలజీ’ అనే మాట గ్రీకు నుంచి వచ్చింది; అక్కడ దాని అర్థం తనను తాను సమర్థించుకుంటూ చేసే వాదన. క్రీ.పూ. 399లో ఏథెన్స్ న్యాయసభలో సోక్రటీసు తన మీద వచ్చిన అభియోగాలకు ఇచ్చిన జవాబుకు ‘అపాలజీ’ అని పేరు. అందులో ఆయన ఎక్కడా క్షమించమని అడగలేదు. మీ మొదటి సారీ ఆ పాత కోవలోది: మాట క్షమాపణది, పని వకాల్తాది. చోటు లేకపోవడం అబద్ధం అయ్యుండదు. అయితే అప్ప అడిగింది చోటు గురించి కాదు కదా.

రెండోసారి “బాధపెట్టి ఉంటే” అన్నారు. ఈ ‘ఉంటే’ను రాసినప్పుడు మీకు వినయంగానే తోచి ఉంటుంది. చదివినవాళ్లకు మాత్రం “నువ్వు బాధపడ్డావో లేదో నాకు ఇంకా రుజువు కాలేదు” అన్నట్టు వినబడుతుంది. అన్నం మానేసి వెళ్లలేదు కానీ, చెప్పకుండా వెళ్లిపోయిన మనిషికి, మూడు రోజులు ఫోను ఎత్తని మనిషికి, బాధ కలిగిందా లేదా అన్న సందేహం మీకు నిజంగా ఉందా? ఇంకో చిన్న విషయం గమనించాను. ఉత్తరం పొడవునా మీరు ‘అప్ప’ అనే రాశారు. ఆ సందేశంలో మాత్రం ‘అక్కా’ అని ఉంది. ఫోనులో టైపు చేసేటప్పుడు మనందరం కొంచెం పట్నపు తెలుగులోకి జారుకుంటాం, అందులో మీ దురుద్దేశం ఏమీ లేదు. కానీ నలభై ఏళ్లు ‘అప్పా’ అని పిలిపించుకున్న చెవికి ఆ పిలుపు పరాయిదిగా తగిలి ఉంటుందని నా నమ్మకం.

మూడో సారీ మీది కాదు, మీ వారిది. ఒకరి నొప్పిని చెప్పే మాట మరొకరి నోటి నుంచి ఎలా వస్తుంది? ఆయన మేలు కోరే ఫోను చేశారు, అయినా అది పనికిరాలేదు.

ఈ చిక్కు మీ ఇంట్లోనే వచ్చిందని బాధపడకండి. రాజ్యాల మధ్య కూడా ఇదే మాట మీద ఇంతకన్నా పెద్ద తగవు నడిచింది. 2001 ఏప్రిల్ 1న అమెరికా నిఘా విమానం ఒకటి, చైనా యుద్ధవిమానం ఒకటి హైనాన్ ద్వీపం దగ్గర ఆకాశంలో ఢీకొన్నాయి. చైనా పైలట్ చనిపోయాడు. దెబ్బతిన్న అమెరికా విమానం ఆ ద్వీపంలో దిగితే, అందులోని 24 మందిని చైనా అదుపులో ఉంచుకొని, క్షమాపణ చెబితే తప్ప వదలనంది. చివరికి ఏప్రిల్ 11న అమెరికా రాయబారి ఒక లేఖ ఇచ్చాడు. అందులో ‘చాలా సారీ’ అన్న మాట రెండుసార్లు ఉంది: పైలట్ మరణం విషయంలో ఒకసారి, మాటగా అనుమతి తీసుకోకుండా విమానం దిగిన విషయంలో ఒకసారి. ఢీకొన్న తప్పు మాదేనన్న వాక్యం మాత్రం ఎక్కడా లేదు. అమెరికా క్షమాపణ చెప్పిందని చైనా తన ప్రజలకు చెప్పుకుంది. అది విచారమే తప్ప క్షమాపణ కాదని అమెరికా తన ప్రజలకు చెప్పుకుంది. ఇద్దరికీ పని జరిగింది, మనుషులు ఇల్లు చేరారు. రెండు ప్రభుత్వాల మధ్య అలాంటి రెండర్థాల మాట ఉపయోగపడుతుంది. అక్కాచెల్లెళ్ల మధ్య అది పనిచేయదు, ఎందుకంటే అక్కడ రెండో అర్థం కూడా వెంటనే తెలిసిపోతుంది.

దీనికి ఎదురుగా ఆస్ట్రేలియా సంగతి చెబుతాను. అక్కడ 20వ శతాబ్దంలో దశాబ్దాల తరబడి ఆదివాసుల పిల్లలను తల్లిదండ్రుల నుంచి వేరుచేసి తీసుకుపోయారు. 1997లో వచ్చిన విచారణ నివేదిక ప్రభుత్వం క్షమాపణ చెప్పాలని సిఫారసు చేసింది. 1999లో అప్పటి ప్రధాని జాన్ హోవర్డ్ పార్లమెంటులో ‘గాఢమైన, నిజాయతీ గల విచారం’ అన్న మాటతో తీర్మానం పెట్టారు గానీ ‘సారీ’ అన్న మాటను మాత్రం దాటవేశారు. ఆ ఒక్క చిన్న మాట కోసం అక్కడి ప్రజలు ఇంకా ఎనిమిదేళ్లకు పైగా ఎదురుచూశారు. 2008 ఫిబ్రవరి 13న కొత్త ప్రధాని కెవిన్ రడ్ అదే పార్లమెంటులో నిలబడి, పిల్లలను తీసుకుపోయిన సంగతిని పేరు పెట్టి చెప్పి, తల్లులకూ తండ్రులకూ అన్నదమ్ములకూ అక్కచెల్లెళ్లకూ కుటుంబాలు విడగొట్టినందుకు ‘సారీ’ అన్నారు. అక్కడ ఆ మాట సరిపోయింది. వింటున్నవాళ్లు ఏడ్చారు. చూడండి, మాట మారలేదు. దాని ముందు ఏం జరిగిందో దాపరికం లేకుండా చెప్పారు, ‘ఉంటే’ అనలేదు, ఎవరికి చెబుతున్నారో వాళ్ల వైపు తిరిగి చెప్పారు.

జలియన్‌వాలాబాగ్ విషయంలో మనకు ఇప్పటికీ ఆ మాట రాలేదు. నూరేళ్లు నిండుతున్న వేళ, 2019 ఏప్రిల్ 10న, బ్రిటన్ ప్రధాని థెరీసా మే పార్లమెంటులో విచారం దాకా వచ్చి ఆగిపోయారు. మనకు అది ఎందుకు చాలలేదో ఆలోచిస్తే, మీ అప్పకు మీ సందేశం ఎందుకు చాలలేదో కూడా తెలుస్తుంది.

ఇక మీ రెండో ప్రశ్న, తెలుగులో ఏమనాలి అన్నది. మన దగ్గర మాటలు చాలానే ఉన్నాయి, ఒక్కొక్కటీ ఒక్కో పని చేస్తుంది. ‘క్షమించు’లోని సంస్కృత ధాతువుకు ఓర్చుకోవడం అని అర్థం, ‘క్షమయా ధరిత్రీ’ అని మన పెద్దలు అనేది అందుకే, భూమికి కూడా క్షమ అని పేరు. అంటే క్షమించమని అడగడం “నన్ను ఇంకొంచెం ఓర్చుకో” అని ఎదుటివాళ్ల మీద పని పెట్టడం. పదో తరగతి నుంచి ఓర్చుకుంటూ వచ్చిన మనిషిని మొదటి మాటగానే ఇంకా ఓర్చుకోమనడం నాకైతే సబబుగా తోచదు. అది మీ ఇంట్లో సినిమా మాటలా ఉంటుందని మీకు అనిపించడం కూడా సరైన అనుమానమే. ‘మన్నించు’లో మన్నన ఉంది, గౌరవం ఉంది, సభల్లో, ఉత్తరాల్లో అందంగా ఉంటుంది. ‘ఏమీ అనుకోకు’ అన్నది ఎక్కువగా పని చేయబోయే ముందు వాడే మాట, ఏడు నెలలు అనుకున్న తర్వాత వాడేది కాదు.

మిగిలింది ‘తప్పు’. నాకు ఈ మాట మీద గొప్ప గౌరవం. గురి తప్పింది, దారి తప్పింది, లెక్క తప్పింది అంటాం. పోవలసిన చోటికి పోకుండా పక్కకు పోవడం దాని అసలు అర్థం. మీ కంచరపాలెం వీధిలో పెద్దవాళ్లు “తప్పయిపోనాది” అంటుండగా మీరు వినే ఉంటారు. అందులో కపటం లేదు. అయితే వ్యాకరణం దృష్టితో చూస్తే అక్కడ కర్త తప్పే. అది తనంతట తాను అయిపోయింది. “తప్పు చేశాను” అన్నప్పుడు కర్త నేను. ఇంగ్లీషు ‘సారీ’ నా నొప్పిని చెబుతుంది, ‘క్షమించు’ నీ ఓర్పును అడుగుతుంది, ‘తప్పు చేశాను’ జరిగిన పనిని నా పేరున రాసుకుంటుంది. మీ అప్ప ఏడు నెలలుగా ఎదురుచూస్తున్నది ఈ మూడోదాని కోసమని నేను అనుకుంటున్నాను. దాని తర్వాత, ఆ మొదటిదాని కోసం కూడా.

మొదటిదంటే నొప్పి. మీకు నొప్పి లేదని అప్ప నమ్ముతోంది. ఉందని మీకూ నాకూ మాత్రమే తెలుసు, ఆ ఐదు దుకాణాల వల్ల. ‘సారీ’ అన్నారు, దాని లోపల ఉండవలసిన ‘సార్’ను మాత్రం ఆరో పేజీ అడుగున దాచుకున్నారు.

ఇంకో మాట. ‘సారీ’కి మనం అప్రయత్నంగా ‘పర్లేదు’ అంటాం. ఫార్సీ నుంచి ఉర్దూ మీదుగా వచ్చిన ‘పర్వా’ అందులో ఉంది. పర్వా లేదు, పట్టింపు లేదు అని అర్థం. అప్ప ఆ మాట అనకపోవడం పంతమని మీ వారికి అనిపిస్తోంది. పట్టింపు ఉన్న మనిషి పట్టింపు లేదని ఎలా అంటుంది? ఆ మిషను మీద ఆమె పోగొట్టుకున్న చదువుంది, మీ చదువుంది. ఆమె మౌనంగా ఉండటం వల్లే ఈ విషయం ఇంకా తెరిచి ఉంది. ముక్తసరిగా పర్లేదు అని ఉంటే ఇవాళ మీరు నాకు ఈ ఉత్తరం రాసి ఉండేవారు కారు.

ఏం చేయవచ్చో ఇప్పుడు ఆలోచిద్దాం. మీ ముందు ఉన్న దారుల్లో తేలికైనది, పెళ్లికి వెళ్లి పనుల్లో పడిపోవడం. మన ఇళ్లలో సగం క్షమాపణలు నోటితో జరగవు. కాలు తగిలితే చేత్తో తాకి కళ్లకద్దుకుంటాం, సింహాచలంలో స్వామి ఎదుట లెంపలేసుకుంటాం, తగవు పడ్డ వదినకు మర్నాడు గిన్నెతో కూర పంపిస్తాం. పెళ్లింట్లో పిన్నిగా మీరు పసుపు కొట్టే దగ్గర కూర్చుంటే, పెళ్లికూతురికి నలుగు పెడితే, అప్ప నలుగురి ముందు మిమ్మల్ని కాదనదు. పెళ్లి సజావుగా జరుగుతుంది, మాటలు కూడా కలవవచ్చు. కానీ ఆ కలిసిన మాటల అడుగున మిషను అలాగే ఉంటుంది. ఎప్పుడో ఇంకో చిన్న సందర్భంలో, మీరు ఊహించని చోట, పైకి తేలుతుంది. అది మీకు సమ్మతమైతే ఈ దారిలో పెద్ద దోషం లేదు. చాలా కుటుంబాలు ఇలాగే బతుకుతున్నాయి.

మేనమామనో, పెద్దమ్మనో మధ్యవర్తిగా పంపాలని మీరు రాశారు. వద్దని గట్టిగా అనను గానీ, పెద్దలు వచ్చి కూర్చుంటే అది పంచాయితీ అవుతుంది, పంచాయితీలో మిషనుతో పాటు అమ్మను ఎవరు ఎన్నేళ్లు చూశారు, వైద్యానికి ఎవరు ఎంత పెట్టారు అన్న లెక్కలు కూడా వస్తాయి. మూడో మనిషి నోటితో ఒకసారి చెడింది. మళ్లీ అదే పని.

కొత్త మిషను కొని పెళ్లి కానుకగా ఇద్దామన్న మీ ఆలోచన చదివి నేను కాసేపు ఆగాను. ప్రేమతోనే వచ్చిన ఆలోచన అది. అయితే మాట కంటే ముందు వస్తువు వెళితే అది వెల కట్టినట్టు ఉంటుంది. ఆరు వందలకు పోయినదానికి పది వేలది ఇచ్చానన్న లెక్క మీ మనసులో లేకపోయినా, పెళ్లింట్లో చూసినవాళ్లెవరో ఒకరు ఆ లెక్క కడతారు. మాట పూర్తయ్యాక, అప్పే అడిగితే, అప్పుడు ఆలోచించండి.

నాకు మంచిదనిపించే దారి కష్టమైనది. పెళ్లి పనులు మొదలై, పందిరి రాట వేయకముందే, ఒక మధ్యాహ్నం మీరు ఒక్కరే వెళ్లండి. అక్కడ అనవలసింది చాలా తక్కువ. “అప్పా, అమ్మ మిషను నీకు ఒక్క మాట చెప్పకుండా పాత ఇనుము బండికి ఇచ్చేశాను. తప్పు చేశాను. అది నీది కూడా అని నాకప్పుడు తోచలేదు.” ఇంతే చెప్పి ఆగండి. ‘కానీ’ అనకండి, చోటు గురించి, సామాన్లు మోసేవాళ్ల తొందర గురించి చెప్పకండి. ఆదివారం దుకాణాలు తిరిగిన సంగతి కూడా వెంటనే చెప్పవద్దు. ముందే చెబితే అది కూడా వకాల్తా అయిపోతుంది, ‘నేనూ ఏడ్చాను కాబట్టి నువ్వు ఏడవకు’ అన్నట్టు ఉంటుంది. ఆమె తన మాట అన్నాక, తిట్టవలసింది తిట్టాక, ఆ చక్రం తుడిచి చూసిన సంగతి చెప్పండి. అప్పుడది సాకుగా వినబడదు. ఎదురుగా నిలబడితే గొంతు పెగలదనుకుంటే ఇదే ఉత్తరంగా రాయండి, మీ చేతిరాతతో. నాకు ఆరు పేజీలు రాయగలిగినవారు అప్పకు ఒక పేజీ రాయగలరు. వాట్సాప్ మాత్రం వద్దు. అక్కడ ఇప్పటికే ఒక ‘ఉంటే’ ఉంది.

దీనివల్ల వచ్చే ఫలితం ఇలాగే ఉంటుందని చెప్పలేను. ఆమె వెంటనే కరగకపోవచ్చు. మిషను వంకతో పాత మాటలు, మీరు మరిచిపోయినవి, ఆమె మరవనివి, బయటికి రావచ్చు. అందులో కొన్ని అన్యాయంగా కూడా ఉండవచ్చు. అన్నిటికీ ఆ రోజే జవాబు చెప్పనవసరం లేదు. ఒప్పుకున్న తప్పు మిషను ఒక్కటే, మిగతావాటి సంగతి తర్వాత.

మీ వారి భయం గురించి కూడా ఒక మాట. ఒప్పుకుంటే దోషి ముద్ర పడుతుందన్న భయం ఆయనకే కాదు, ఆసుపత్రులకూ కంపెనీలకూ ఉంది. సారీ అన్న మాటను కోర్టులో సాక్ష్యంగా వాడతారేమోనని వాళ్లు నోరు విప్పేవారు కారు. కెనడాలోని ఒంటారియో రాష్ట్రం 2009లో దీనికోసమే ఒక చట్టం చేసింది: ఎవరైనా క్షమాపణ చెబితే దాన్ని బాధ్యతను అంగీకరించినట్టుగా కోర్టు లెక్కవేయకూడదు. మనుషులు మనసారా ఆ మాట అనుకునే వీలుండాలని చట్టమే దారి ఇచ్చింది. మీ అప్పాచెల్లెళ్ల మధ్య కోర్టు లేదు, నష్టపరిహారం లేదు. జన్మంతా దోషిగా నిలబెట్టే స్వభావమే ఆమెదైతే, మిమ్మల్ని చదివించిన లెక్క ఈపాటికి ఎన్నోసార్లు ఎత్తి చూపేది. అలా ఎత్తిచూపినట్టు మీ ఆరు పేజీల్లో ఎక్కడా లేదు. ఈ మాట మీ వారికి నిదానంగా చెప్పి చూడండి.

అప్ప ఇంటికి వెళ్లినప్పుడు ఆమె మిమ్మల్ని ఒక ప్రశ్న తప్పకుండా అడుగుతుంది, ఎంతకిచ్చావని. ఉత్తరంలో ఆ అంకెను మీరు ఒకసారి రాసి, కొట్టేసి, మళ్లీ రాశారు. అది చెప్పడానికి మీకు సిగ్గుగా ఉందని నాకు అర్థమైంది. తగ్గించవద్దు, పెంచవద్దు, గుర్తులేదని అనవద్దు. ఆరు వందలకు అని చెప్పండి. ఆ తర్వాత ఆమె ఎంతసేపు మాట్లాడకుండా ఉంటే అంతసేపు అక్కడే కూర్చోండి.